వరిబీజం కాదు: 67 ఏళ్ల రైతు వృషణంలో లింఫోమా

ఆయన నా గదిలోకి వచ్చి కూర్చోలేదు. తలుపు పక్కనే నిలబడి కొడుకును ముందుకు తోశారు. "నువ్వే చెప్పరా" అన్నారు. కొడుకు ఫైలు నా బల్ల మీద పెట్టి తనూ గోడవైపు చూడసాగాడు. క్యాన్సర్ వైద్యురాలిగా ఈ దృశ్యం నాకు కొత్త కాదు. రొమ్ములో గడ్డతో వచ్చిన స్త్రీలు మగ డాక్టరు ముందు ఎలా ముడుచుకుపోతారో, వృషణంలో గడ్డతో వచ్చిన పెద్దమనుషులు నా ముందు అలాగే ముడుచుకుపోతారు. మా జూనియర్ కుర్రవాణ్ని పిలిచి ముందు అతని చేత తెర వెనక పరీక్ష చేయించాను. తర్వాత నేను చూశాను. అప్పటికి గానీ పెద్దాయన నోరు విప్పలేదు.

"ఐదు నెలలైంది డాక్టరమ్మా. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను."

అది 2022 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం. ఈ కేసును కొంత వివరంగా రాయాలనుకోవడానికి కారణం ఉంది. లింఫోమా అంటే లింఫోసైట్లనే తెల్లకణాల క్యాన్సర్. అది వృషణంలో పుట్టడం అరుదు. అన్ని నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాల్లో అది నూటికి ఒకటో రెండో. అయితే అరవై దాటిన మగవాడి వృషణంలో క్యాన్సర్ గడ్డ కనిపిస్తే అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది దీన్నే. గడ్డను తీసేయడం ఇందులో తేలికైన భాగం. ఏ స్కానులోనూ కనబడని దానికి నెలల తరబడి వైద్యం చేయడం, అందుకు రోగిని ఒప్పించడం కష్టమైన భాగం. ఎవరూ గుర్తుపట్టకుండా ఆయన వివరాలు కొన్ని మార్చాను. జబ్బు వివరాలు మార్చలేదు.

ఐదు నెలలు ఎలా గడిచాయి

గోదావరి డెల్టా మనిషి. నాలుగెకరాల వరి, గట్ల మీద కొబ్బరి. ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. మోకాళ్ల నొప్పులున్నాయి. (ఈ మోకాళ్ల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.) ఆగస్టులో ఒకరోజు స్నానం చేస్తుంటే కుడివైపు బరువుగా తోచింది. ఆ ప్రాంతంలో వృషణాల సంచి ఉబ్బితే ఎవరికైనా మొదట తట్టే మాట వరిబీజమే. ఫైలేరియా తరతరాలుగా ఉన్న నేల అది. ఆడవాళ్లకు, మగవాళ్లకు బోదకాలు, మగవాళ్లకు అదనంగా వరిబీజం. ఇంటింటికీ తిరిగి ఫైలేరియాకు డీఈసీ మాత్రలు మింగించిన జిల్లాలు అవి. ఈయన తండ్రికీ వరిబీజం ఉండేదట. ఆపరేషన్ లేకుండానే ఎనభై రెండేళ్లు బతికారట. ఇక కంగారు పడాల్సిన అవసరం ఆయనకు ఎందుకు కనిపిస్తుంది?

ఊళ్లో ఆర్‌ఎంపీ పది రోజులు యాంటీబయోటిక్ ఇచ్చాడు. తగ్గలేదు. పట్నంలో ఒక సర్జన్‌కు చూపించారు. ఆయన టార్చి పరీక్ష చేశారు. చీకటి గదిలో సంచికి ఒకవైపు టార్చి ఆనించి చూస్తారు. లోపల ఉన్నది నీరైతే వెలుగు ఎర్రగా అవతలికి వస్తుంది, గడ్డైతే ఆగిపోతుంది. ఈయనకు గడ్డ చుట్టూ కొద్దిగా నీరు చేరి ఉంది. ముందువైపు టార్చి పెడితే ఎర్రగానే వెలిగింది. వరిబీజంతో పాటు ఇన్ఫెక్షన్ కూడా ఉందని రాసి, మరో మూడు వారాలు వేరే యాంటీబయోటిక్ ఇచ్చి, ఆపరేషన్ తర్వాత చూద్దామన్నారు. ఈలోగా సార్వా కోతలు వచ్చాయి. కోతల్లో రైతు ఆసుపత్రికి రాడు.

టార్చి మోసం చేసినందుకు నేను ఎవరినీ తప్పు పట్టను. నా చేతిలోనూ అది అలాగే వెలిగి ఉండేది. అయితే రెండు వారాల యాంటీబయోటిక్‌కు లొంగని వృషణం వాపుకు అల్ట్రాసౌండ్ చేయించకపోవడం మాత్రం పొరపాటే. పది నిమిషాల పరీక్ష అది. సూది లేదు, కోత లేదు.

మేము ఆ రోజే చేయించాం. కుడి వృషణం 6.8 సెంటీమీటర్ల పొడవుకు పెరిగి ఉంది. గడ్డ ఒక మూలన కాకుండా అవయవమంతా ఆక్రమించింది. అల్ట్రాసౌండ్‌లో అది నల్లగా కనిపిస్తూ, లోపల రక్తప్రసారం విపరీతంగా ఉంది. ఎడమ వృషణం మామూలుగానే ఉంది. రక్తంలో ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ రెండూ మామూలే. వీర్యకణాల మూలకణాల నుంచి పుట్టే క్యాన్సర్లలో చాలావాటికి ఇవి పెరుగుతాయి. కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎల్‌డీహెచ్ మాత్రం 412, మా ల్యాబులో గరిష్ఠ పరిమితి 250.

కోత ఎక్కడ పెట్టాలి

కొడుకు చదువుకున్నవాడు. "ముందు సూదితో ముక్క తీసి చూడొచ్చు కదా మేడం, అనవసరంగా తీసేయడం ఎందుకు?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. వృషణం నుంచి లింఫు నాళాలు పైకి, మూత్రపిండాల దగ్గర మహాధమని పక్కనున్న గ్రంథులకు వెళ్తాయి, ఎందుకంటే పిండదశలో వృషణం పుట్టిందే అక్కడ. సంచి చర్మం నుంచి వెళ్లే నాళాలు గజ్జల్లోని గ్రంథులకు చేరతాయి. సంచిలోంచి సూది గుచ్చామంటే ఆ క్యాన్సర్ కణాలకు అంతవరకూ తెలియని రెండో దారి చూపించినట్టు. అందుకే గజ్జల్లో కోత పెట్టి, వీర్యనాళపు తాడును పైన ముడి వేసి, వృషణాన్ని అక్కడి నుంచి బయటికి లాగి తీస్తారు. ఆ ఆపరేషన్ మా యూరాలజిస్టు నలభై ఐదు నిమిషాల్లో ముగించారు. పెద్దాయన మూడో రోజు ఇంటికి వెళ్లారు.

మొదటి బయాప్సీ రిపోర్టులో "సెమినోమా కావచ్చు" అని వచ్చింది. నాకు నచ్చలేదు. సెమినోమా ఇరవై అయిదు నుంచి నలభై అయిదు మధ్య వయసు జబ్బు. 67 ఏళ్ల మనిషికి అది రాకూడదని కాదు, ముందు మరొకటి తోసిపుచ్చాలి. పెథాలజిస్టుకు ఫోన్ చేస్తే అసలు సంగతి బయటపడింది. ఆపరేషన్ థియేటర్‌లో వృషణాన్ని కోయకుండా అలాగే ఫార్మలిన్ డబ్బాలో వేసేశారు. దాని చుట్టూ ఉండే తెల్లటి పొర గట్టిది. ఫార్మలిన్ లోపలికి ఇంకేలోపే మధ్యభాగం పాడైంది. సగానికి కోసి వేయాల్సింది. చిన్న విషయమే. దీనివల్ల మాకు తొమ్మిది రోజులు పట్టింది. అంచుల నుంచి కొత్త బ్లాకులు తీసి రంగు పరీక్షలు చేశాక చిత్రం స్పష్టమైంది. పెద్ద పెద్ద కణాలు పరుపు పరచినట్టు వ్యాపించి, వీర్యం తయారయ్యే సన్నని గొట్టాలను చుట్టుముట్టి ఉన్నాయి. సెమినోమాకు గుర్తులైన ఓసీటీ3/4, పీఎల్‌ఏపీ లేవు. సీడీ20 ఉంది, అంటే ఇవి బి-లింఫోసైట్లు. సీడీ10 లేదు, బీసీఎల్6, ఎంయూఎం1 ఉన్నాయి. విభజన వేగాన్ని చెప్పే కేఐ-67 85 శాతం. డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా, జెర్మినల్ సెంటర్ రకం కానిది. వృషణంలో పుట్టే లింఫోమాల్లో నూటికి ఎనభై, తొంభై ఇదే.

పెట్ సీటీలో శరీరంలో మరెక్కడా ఏమీ లేదు. ఎముక మజ్జ శుభ్రం. మెదడు ఎంఆర్‌ఐ శుభ్రం. వెన్నునీరు తీసి, అందులో లింఫోమా కణాలను వెతికే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష చేయిస్తే అదీ శుభ్రం. హెచ్‌ఐవీ లేదు. మొదటి దశ.

"అంతా బాగుందంటున్నారు, మరి మందెందుకు?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రిపోర్టులన్నీ చూసి నేను ఆనందంగా "ఎక్కడా లేదు" అన్నాను. మరుక్షణమే ఆరు విడతల కీమో, వెన్నులో మందు, రెండో వృషణానికి రేడియేషన్ అన్నాను. ఆయన భార్య నన్ను అనుమానంగా చూశారు. ఆ చూపులో న్యాయం ఉంది.

వృషణం ఒక కోటలాంటిది. వీర్యకణాలు తయారవడం యుక్తవయసులో మొదలవుతుంది. అప్పటికి శరీరపు రక్షణ వ్యవస్థ తనవాళ్లెవరో పైవాళ్లెవరో గుర్తుపట్టడం పూర్తిచేసి ఉంటుంది. కొత్తగా పుట్టిన ఈ కణాలను అది శత్రువులనుకునే ప్రమాదం ఉంది. అందుకని సెర్టోలీ కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని వాటి చుట్టూ గోడ కడతాయి. రక్తంలోని రక్షక కణాలు, చాలా మందులు ఆ గోడ దాటి వెళ్లలేవు. మెదడుకూ అలాంటి గోడే ఉంది. ఈ లింఫోమా కణాలు అలాంటి చాటుల్లో బతకడానికి అలవాటుపడ్డవి. తాము ఎవరో చూపించే హెచ్‌ఎల్‌ఏ గుర్తులను చాలావరకు వదిలించుకుంటాయి. ఎంవైడీ88, సీడీ79బీ జన్యువుల్లో మార్పులు ఎక్కువగా కనిపిస్తాయి. మెదడులో పుట్టే లింఫోమాలోనూ సరిగ్గా ఇవే మార్పులు. ఈ పోలికను గమనించే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 వర్గీకరణ మెదడు, కంటి లోపలి పొర, వృషణం, ఈ మూడింటి లింఫోమాలను ఒకే కుటుంబంగా చేర్చింది.

బి-కణాలను చంపే రిటుక్సిమాబ్ అనే మందు రాకముందు కాలం నాటి 373 మంది రోగుల వివరాలను స్విట్జర్లాండ్ కేంద్రంగా నడిచే అంతర్జాతీయ లింఫోమా బృందం 2003లో ప్రచురించింది. పదేళ్లకు బతికి ఉన్నవారు 27 శాతం. మెదడులోనో వెన్నుపాములోనో జబ్బు తిరగబెట్టే అవకాశం అయిదేళ్లకు 20 శాతం, పదేళ్లకు 35 శాతం. రేడియేషన్ ఇవ్వని రెండో వృషణంలో పదిహేనేళ్లకు 42 శాతం. చాలా క్యాన్సర్లలో అయిదేళ్లు గడిస్తే గండం గట్టెక్కినట్టే. ఇందులో బతికి ఉన్నవారి శాతాన్ని చూపే గీత ఎక్కడా సమంగా నిలవదు, కిందికే జారుతూ ఉంటుంది.

ఆ అంకెలు నాకు కాగితం మీదివి మాత్రమే కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ని చూశాను. నాలుగేళ్ల కిందట ఎక్కడో వృషణం తీసేసి, కీమో పూర్తిచేసి, "పూర్తిగా నయమైంది" అని రాసిచ్చారు. కొన్ని వారాలుగా మనిషి మాట్లాడటం తగ్గించాడని, అన్నం ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంటున్నాడని భార్య చెప్పింది. ఎంఆర్‌ఐలో నుదుటి వెనక భాగంలో రెండు గడ్డలున్నాయి. ఆయన మూడు నెలలు బతికారు.

పెద్దాయనకు హెచ్‌ఎల్‌ఏ, సెర్టోలీ అని చెప్పి లాభం లేదు. "పొలంలో తుంగ పీకుతారు కదా. పైన ఆకు పోతుంది, మట్టి శుభ్రంగా కనబడుతుంది. మరి మళ్లీ ఎందుకు మొలుస్తుంది?" అని అడిగాను. ఆయన మొదటిసారి నా ముఖం చూసి మాట్లాడారు. "గడ్డ కింద ఉండిపోతుందమ్మా. రెండు కార్లు వరసగా మందు కొడితే గానీ చావదు." ఆపైన ఒప్పించడానికి నాకు మాటల అవసరం రాలేదు. ఆ తర్వాత ఆరు నెలలూ ఆయన తన జబ్బును తుంగ అనే పిలిచారు.

కాలేయంలో దాక్కున్నది

కీమోకు ముందు చేసే రక్తపరీక్షల్లో హెపటైటిస్ బి విషయం విడిగా చెప్పాలి. చాలాచోట్ల వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందా అని చూపే హెచ్‌బీఎస్ యాంటిజెన్ ఒక్కటే చేసి, లేదని తేలితే ముందుకు వెళ్తారు. ఈయనకు అది లేదు. అయితే యాంటీ హెచ్‌బీసీ ఉంది. అంటే ఎప్పుడో వైరస్ వచ్చి పోయింది, పోతూ పోతూ కాలేయ కణాల్లో కొంత ఆనవాలు మిగిల్చింది. మామూలుగా బతికితే అది జీవితాంతం నిద్రపోతుంది. రిటుక్సిమాబ్ బి-కణాలను తుడిచిపెట్టాక అది మేల్కొనవచ్చు. లింఫోమా తగ్గి, కాలేయం చెడిపోయి చనిపోయినవారు ఉన్నారు. రోజుకు 0.5 మిల్లీగ్రాముల ఎంటెకావిర్ మాత్ర రిటుక్సిమాబ్‌కు వారం ముందు మొదలుపెట్టాం. చివరి రిటుక్సిమాబ్ తర్వాత పద్దెనిమిది నెలల వరకు కొనసాగించాం. నా మటుకు నాకు ఈ వైద్యంలో ఎక్కువ తృప్తినిచ్చింది ఈ చిన్న మాత్రే.

ఆరు విడతలు

ఆర్-చాప్ అనేది ఐదు మందుల కలయిక. ఇందులో చాప్ 1970ల నాటిది. ఆ పైన చేరిన రిటుక్సిమాబ్ అమెరికాలో 1997లో అనుమతి పొందింది. మన దేశంలో దాని ధర సామాన్యుడికి కొంతైనా అందుబాటులోకి రావడానికి కారణం 2007లో హైదరాబాద్ నుంచి డాక్టర్ రెడ్డీస్ తెచ్చిన రెడిటక్స్. రిటుక్సిమాబ్‌కు ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్ అది. అంతకు ముందు రోజుల్లో రిటుక్సిమాబ్ వద్దని, చాప్ ఒక్కటే ఇవ్వమని చెప్పి చేతులు జోడించిన కుటుంబాలున్నాయని మా గురువులు చెప్పేవారు.

60 కిలోల బరువు, 165 సెంటీమీటర్ల ఎత్తు. శరీర ఉపరితలం 1.66 చదరపు మీటర్లు. రిటుక్సిమాబ్ 620, సైక్లోఫాస్ఫమైడ్ 1250, డాక్సోరూబిసిన్ 80, విన్‌క్రిస్టిన్ 2 మిల్లీగ్రాములు, ప్రెడ్నిసొలోన్ రోజుకు 100 చొప్పున అయిదు రోజులు. ఇరవై ఒక్క రోజులకు ఒక విడత. వయసును బట్టి మొదటి విడత నుంచే తెల్లకణాలు పడిపోకుండా పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ సూది ఇచ్చాం. గుండె ఎకో ముందే చూశాం, పంపింగ్ 60 శాతం.

మొదటి రిటుక్సిమాబ్ రోజున గంటలోపే చలి, వణుకు. సెలైన్ ఆపి, మందులిచ్చి, అరగంట తర్వాత సగం వేగంతో మళ్లీ మొదలుపెట్టాం. అది ఊహించినదే. షుగరు మాత్రం నేను అనుకున్నదానికన్నా మొండికేసింది. స్టెరాయిడ్ మూడో రోజున 380కి ఎక్కింది. రెండో విడత నుంచి ఆ అయిదు రోజులూ ఇన్సులిన్ ఇచ్చాం. నాలుగో విడతకు వచ్చేసరికి వేళ్ల కొసలు మొద్దుబారి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయారు. ఆ సంగతి ఆయన చెప్పలేదు. ఆసుపత్రికి వస్తే తప్పనిసరిగా చొక్కా వేసుకునే మనిషి కండువా కప్పుకుని వచ్చారు, అందువల్ల తెలిసింది. విన్‌క్రిస్టిన్ సగానికి తగ్గించాను.

పథ్యం విషయంలో పెద్ద పోరాటమే జరిగింది. వంకాయ వద్దు, పెరుగు వద్దు, గుడ్డు వేడి, చేప అసలే వద్దు. చెప్పిన వాళ్లెవరంటే ఇరుగుపొరుగు, వియ్యంకుడు, బస్సులో పక్క సీటు మనిషి. రెండు విడతల్లో నాలుగు కిలోలు తగ్గారు. చివరికి భార్యను విడిగా కూర్చోబెట్టి, రోజుకు రెండు గుడ్లు, ఉడికిన చేప, కాచి తోడుపెట్టిన పెరుగు అని చీటీ మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. డాక్టరు రాసిచ్చిందంటే అది మందే. ఆ చీటీని వంటింటి గోడకు అంటించారట. మూడో విడత నుంచి బరువు నిలబడింది.

వెన్నులో సూది

"వెన్నులో సూది వేస్తే నడుము పడిపోతుంది" అనే భయం మన దగ్గర ఎంత బలంగా ఉందో వైద్యులందరికీ తెలుసు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది, మేము గుచ్చేది దాని కింద, అక్కడ ఉండేది నీరు, నరాల పోగులు మాత్రమే అని బొమ్మ గీసి చూపించాను. మొదటి రెండు విడతల కాలంలో వారానికి ఒకటి చొప్పున నాలుగుసార్లు మెథోట్రెక్సేట్ 12 మిల్లీగ్రాములు వెన్నునీటిలోకి ఇచ్చాం.

ఒక జాగ్రత్త గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. విన్‌క్రిస్టిన్ పొరపాటున వెన్నులోకి వెళ్తే మనిషి దాదాపుగా దక్కడు. అందుకే మా వార్డులో విన్‌క్రిస్టిన్ సిరంజిలో ఉండదు, చిన్న సెలైన్ సంచిలోనే కలుపుతాం. సంచిని వెన్నుసూదికి ఎవరూ తగిలించలేరు. వెన్నులో మందు వేసే రోజు వేరు, గది వేరు.

వెన్నునీటిలో ఇచ్చిన మందు మెదడు ఉపరితలాన్ని తడుపుతుంది గానీ లోపలి పదార్థంలోకి ఇంకదు. రిటుక్సిమాబ్ వచ్చాక మెదడులో తిరగబెట్టే కేసుల్లో ఎక్కువ భాగం లోపలి పదార్థంలోనే వస్తున్నాయి. లోపలికి వెళ్లాలంటే నరం ద్వారా ఎక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ ఇవ్వాలి. దానివల్ల నిజంగా లాభముందా అనే విషయంలో మా వాళ్లలో ఏకాభిప్రాయం లేదు. లార్జ్ బి-సెల్ లింఫోమా రోగులను మొత్తంగా చూసిన పెద్ద అధ్యయనాల్లో స్పష్టమైన లాభం కనబడలేదు. వృషణ లింఫోమా ఒక్కదానినే తీసుకుంటే కథ కొంత మారుతుంది. 2011లో వచ్చిన 53 మంది అధ్యయనంలో ఆర్-చాప్, వెన్నులో మందు, రెండో వృషణానికి రేడియేషన్ ఇస్తే అయిదేళ్లకు 85 శాతం మంది బతికి ఉన్నారు. మెదడులో తిరగబెట్టినవారు 6 శాతం. అదే బృందం తర్వాత 54 మందికి అదనంగా నరం ద్వారా మెథోట్రెక్సేట్ చదరపు మీటరుకు 1.5 గ్రాముల చొప్పున రెండుసార్లు ఇచ్చింది. మెదడులో ఒక్కరికీ తిరగబెట్టలేదు, అయిదేళ్లకు 92 శాతం మంది ఉన్నారు. ఆ పూర్తి వ్యాసం 2024లో వచ్చింది, నేను ఈయనకు వైద్యం చేసేనాటికి రాలేదు. అప్పుడు ఉన్న సమాచారంతో, కిడ్నీలు భరించగలిగితే ఇవ్వాలనే నిర్ణయించుకున్నాను. అందరూ ఒప్పుకుంటారని అనను. వాళ్లు వెన్నులో వాడిన లైపోసోమల్ సైటరబిన్ తయారీ అప్పటికే ఆగిపోయింది గనుక మేము మెథోట్రెక్సేట్‌తోనే సరిపెట్టాం.

మోకాళ్ల మాత్ర

ఆరు విడతల తర్వాత పెట్ సీటీ మళ్లీ శుభ్రం. 2022 జూలైలో మొదటి మెథోట్రెక్సేట్ కోసం చేర్చుకున్నాం. క్రియాటినిన్ 1.1. వయసు, బరువు లెక్క కడితే కిడ్నీల శక్తి నిమిషానికి 55 మిల్లీలీటర్ల దగ్గర తేలింది. అంచున ఉన్నట్టే. ముందు రోజు నుంచి సెలైన్, మూత్రం పీహెచ్ 7 దాటేలా సోడా బైకార్బొనేట్. మూత్రం పుల్లగా ఉంటే ఈ మందు కిడ్నీ గొట్టాల్లో పలుకులు కడుతుంది. మందు ఇచ్చాక 24 గంటలకు ల్యూకోవోరిన్ మొదలుపెట్టాలి. అది మామూలు కణాలను కాపాడే విరుగుడు.

మొదటిసారి అంతా సవ్యంగా నడిచింది. రెండోసారి 48 గంటలకు రక్తంలో మందు 1.4 మైక్రోమోల్ ఉంది. ఒకటి లోపు ఉండాలి. క్రియాటినిన్ 1.1 నుంచి 1.7కి పెరిగింది. సెలైన్ పెంచాం, ల్యూకోవోరిన్ మోతాదు పెంచి ఆరు గంటలకొకసారి ఇచ్చాం. కారణం ఎక్కడా దొరకలేదు. మా నర్సు మంచం పక్క అలమర సర్దుతుంటే నీలం రేకులో రెండు మాత్రలు మిగిలిన పట్టీ కనిపించింది. డైక్లోఫెనాక్. వర్షాలకు మోకాళ్లు లాగుతున్నాయని ఆసుపత్రికి రావడానికి ముందు రెండు రోజులూ, వచ్చాక ఒకరోజూ వేసుకున్నారు. ఈ రకం నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తం తగ్గించి, మెథోట్రెక్సేట్ బయటికి పోకుండా అడ్డుపడతాయి.

ఆయన్ను ఏమనను? మొదటి రోజే మోకాళ్ల నొప్పి అని నా చేత్తో రాసుకున్నాను. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగాను, "లేదమ్మా" అన్నారు. ఆయన దృష్టిలో నొప్పిమాత్ర మందు కాదు, టీ లాంటిది. "మోకాళ్లకు ఏం వేసుకుంటారు?" అని అడగాల్సింది. ఆరో రోజుకు స్థాయి 0.1 కిందికి దిగింది. నోట్లో పుండ్లు వచ్చి పది రోజులు జావతోనే గడిపారు. క్రియాటినిన్ 1.2 దగ్గర ఆగింది. అప్పటి నుంచి మా వార్డు చేరిక కాగితంలో "మందులు" అనే గడి కింద "నొప్పి మాత్రలు, గ్యాస్ మాత్రలు, పసరు మందులు" అని విడివిడిగా మూడు గడులు చేర్చాం. గ్యాస్ మాత్రలు కూడా ఎందుకంటే, పాంటొప్రజోల్ రకం మందులూ మెథోట్రెక్సేట్‌ను ఆపుతాయి.

బాగున్నదానికి రేడియేషన్

ఎడమ వృషణానికి రేడియేషన్ అన్నప్పుడు ఆయన కన్నా కొడుకు ఎక్కువ నొచ్చుకున్నాడు. "అది బాగానే ఉందని మీరే అన్నారు." గోడ వెనక ఉన్నదానికి కీమో అందదు, కిరణాలకు ఆ గోడ అడ్డు కాదు. రోజుకు 2 గ్రే చొప్పున పదిహేను రోజులు, మొత్తం 30 గ్రే. పొట్ట గ్రంథుల్లో జబ్బు లేదు గనుక అక్కడ అవసరం లేకపోయింది. రెండో వారానికి చర్మం ఎర్రబడి ఒరుసుకుంది. వదులు పంచె, కొబ్బరినూనె మానేసి మేమిచ్చిన పూత. సెప్టెంబరుతో వైద్యం పూర్తయింది.

తర్వాతి సంగతిని మేము తరచుగా మరిచిపోతాం. 2023 మొదట్లో ఆయన నీరసంగా ఉందని, పొలానికి వెళ్లాలనిపించడం లేదని అన్నారు. హిమోగ్లోబిన్ బాగుంది, థైరాయిడ్ బాగుంది. ఒకటి తీసేసి మరొకదానికి రేడియేషన్ ఇచ్చిన మనిషికి టెస్టోస్టెరాన్ చూడాలని ఎవరికైనా తట్టాలి. నాకు రెండో సందర్శనలో తట్టింది. 148 ఉంది, కనీసం 300 ఉండాలి. ప్రోస్టేట్ పరీక్షలు చూసి ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. రెండు నెలల్లో మళ్లీ నాట్లకు దిగారు. చిన్న వయసు రోగైతే వైద్యానికి ముందే వీర్యం భద్రపరచుకోవడం గురించి మాట్లాడాలి, ఇక్కడ ఆ ప్రశ్న రాలేదు.

ఇప్పటి పరిస్థితి

మూడేళ్లు దాటింది. ఎంటెకావిర్ 2023 డిసెంబరులో ఆపాం, కాలేయం నిశ్చలంగా ఉంది. లింఫోమా ఎక్కడా లేదు. తిరగబెడితే చేతిలో ఇప్పుడు ఇంతకు ముందు లేనివి కొన్ని ఉన్నాయి. ఎంవైడీ88 దారిని అడ్డుకునే ఇబ్రుటినిబ్ వంటి మాత్రలున్నాయి, లెనాలిడొమైడ్ ఉంది. 2023 అక్టోబరులో రోగి సొంత టి-కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే కార్-టి చికిత్స మన దేశంలోనే తయారై అనుమతి పొందింది. అవసరం పడకూడదనే కోరిక.

లక్షణాలు లేకుండా తరచుగా స్కానులు తీయించడం వల్ల లాభముందనే నమ్మకం నాకు లేదు. నాలుగు నెలలకొకసారి రమ్మంటాను. గజ్జలు, మెడ, పొట్ట చూస్తాను. ఎడమవైపు చేత్తో పరీక్షిస్తాను. ఇప్పుడాయన జూనియర్ కోసం చూడరు. తర్వాత ఆయన్ను బయట కూర్చోమని భార్యను లోపలికి పిలుస్తాను. మెదడులో వచ్చే మార్పును రోగి గమనించలేడు, పక్కనున్నవాళ్లే గమనిస్తారు. మాట తడబడుతోందా, నడకలో తేడా ఉందా, కోపం గానీ మౌనం గానీ కొత్తగా వచ్చిందా, లెక్కలు తప్పుతున్నారా అని వరసగా అడుగుతాను. మొన్న వచ్చినప్పుడు ఆమె అన్నిటికీ లేదు లేదు అంటూ వచ్చి, చివరి ప్రశ్నకు కొంచెం ఆలోచించారు. నా గుండె ఒక్క క్షణం ఆగింది.

"లెక్కలా? కౌలు డబ్బులో రెండు వందలు తక్కువయ్యాయని నిన్న రాత్రి పన్నెండింటిదాకా నన్ను నిద్రపోనివ్వలేదమ్మా."